ఏఐ డేటా సెంటర్లు, కరెంటు, క్లీన్ ఎనర్జీ లక్ష్యాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

2025 అక్టోబరు 14న విశాఖపట్నంలో ఏఐ హబ్ కడతామని గూగుల్ ప్రకటించింది. ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, గిగావాట్ స్థాయి డేటా సెంటర్ ప్రాంగణం, భాగస్వాములుగా అదానీ కనెక్స్, ఎయిర్‌టెల్. హైదరాబాద్ చుట్టుపక్కల అమెజాన్, మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్లు అంతకుముందే మొదలయ్యాయి. నేను చాలా ఏళ్ళు సబ్‌స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. విశాఖ ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి చుట్టాలు, ఇంజనీరింగ్ చదివే పిల్లలు, మా వీధిలో వాళ్ళు అడుగుతున్న ప్రశ్నలు దాదాపు ఒకటే. అందుకే వాటికి జవాబులు ఒకచోట రాస్తున్నాను.

ఏఐకి అంత కరెంటు ఎందుకు కావాలి?

మామూలు వెబ్‌సైట్లు నడిపే సర్వర్ల బీరువా, అంటే రాక్, 5 నుంచి 10 కిలోవాట్లతో సరిపెట్టుకుంటుంది. ఏఐ కోసం చేసిన కొత్త రాక్‌లో పదుల కొద్దీ జీపీయూ చిప్‌లు (ఏఐ లెక్కలు చేసేవి) ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అలాంటి ఒక్క రాక్ 100 కిలోవాట్లు దాటి తీసుకుంటోంది. చేలగట్టున కనిపించే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇరవై దాకా 5 హెచ్‌పీ మోటార్లు ఆడతాయి కదా, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఈ ఒక్క రాక్‌కి చాలదు. ఇలాంటివి వేలల్లో పెడతారు.

రైతు మోటారు తొమ్మిది గంటలు ఆడి ఆగుతుంది. ఇంట్లో ఏసీ రాత్రి ఆడి తెల్లారాక ఆగుతుంది. డేటా సెంటర్ మాత్రం ఆగదు. గ్రిడ్ వాళ్ళకి ఇది ఒకందుకు మంచిదే, లోడు ఎంతో ముందే తెలుస్తుంది. కానీ సూర్యుడు లేని గంటల్లో కూడా అంతే కరెంటు అడుగుతుంది. చిక్కంతా అక్కడే.

నేను చాట్‌బాట్‌ని ఒక ప్రశ్న అడిగితే ఎంత ఖర్చవుతుంది?

చాలా తక్కువ. తన చాట్‌బాట్ జెమినీలో ఒక మధ్యరకం టెక్స్ట్ ప్రశ్నకి 0.24 వాట్ అవర్ అవుతుందని 2025 ఆగస్టులో గూగుల్ చెప్పింది. అంటే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటిన్నర నిమిషం వెలిగినంత. ఒక యూనిట్ కరెంటుతో 4,000 ప్రశ్నలు అడగొచ్చు. చాట్‌జీపీటీకి 0.34 వాట్ అవర్ అని దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ అంతకుముందు జూన్‌లో రాశారు.

కాబట్టి పిల్లాడు హోంవర్క్ కోసం రెండు ప్రశ్నలు అడిగాడని బాధపడక్కర్లేదు. అయితే ఈ లెక్క టెక్స్ట్‌కి మాత్రమే. వీడియో తయారు చేయడానికి, మోడల్‌ని ట్రెయిన్ చేయడానికి, మనిషి అడక్కుండానే వెనకాల నడిచే పనులకి అయ్యే ఖర్చు ఇందులో లేదు. పైగా ఈ అంకెలు కంపెనీలు తమంతట తాము చెప్పినవి. ఇంటి మీటరు రీడింగ్ మనం చెప్పింది రాసుకోరు, మనిషి వచ్చి చూసి రాస్తాడు. అంత పెద్ద వినియోగదారుడికి కూడా అదే పద్ధతి ఉండాలని అడగడంలో తప్పు లేదు.

ఒక గిగావాట్ అంటే మన లెక్కలో ఎంత?

పరవాడ దగ్గరి ఎన్టీపీసీ సింహాద్రి ప్లాంటు మొత్తం 2,000 మెగావాట్లు, 500 చొప్పున నాలుగు యూనిట్లు. అందులో రెండు యూనిట్లు రాత్రీ పగలూ ఆగకుండా పూర్తి లోడు మీద నడిస్తే వచ్చేది ఒక గిగావాట్.

ఏడాది లెక్క తీస్తే 876 కోట్ల యూనిట్లు. నెలకి 200 యూనిట్లు వాడే ఇళ్ళు 36 లక్షలకు పైగా నడుస్తాయి. 2023-24లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి కావాల్సిన కరెంటు దాదాపు 8,000 కోట్ల యూనిట్లు. అందులో ఇది తొమ్మిదో వంతు. ఏ డేటా సెంటరూ మొదటి రోజు నుంచే పూర్తి లోడుకి రాదు, వచ్చాక కూడా కొంత తక్కువగానే ఆడుతుంది. అలా కొంత తగ్గించి చూసినా, ఒక్క మీటరు వెనక ఇంత లోడు రాష్ట్రం ఇంతకుముందు చూడలేదు.

ప్రపంచం మొత్తం మీద?

అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2024లో డేటా సెంటర్లన్నీ కలిపి వాడింది 415 టెరావాట్ అవర్లు, అంటే 41,500 కోట్ల యూనిట్లు. ప్రపంచ కరెంటులో ఇది సుమారు ఒకటిన్నర శాతం. 2030కి 945 టెరావాట్ అవర్లకి చేరుతుందని అంచనా. ప్రపంచ సగటు చూస్తే చిన్నదే అనిపిస్తుంది, కానీ డేటా సెంటర్లు ప్రపంచమంతా సమానంగా పరుచుకోవు. ఐర్లండ్‌లో 2015లో 5 శాతం ఉన్న వాటా 2023కి 21 శాతానికి వెళ్ళి, అక్కడి పట్టణాల్లోని ఇళ్ళన్నీ కలిసి వాడేదాన్ని దాటిపోయింది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రానిదీ ఇదే పరిస్థితి. ఈ భారం ఎప్పుడూ కొన్ని ఊళ్ళ మీదే పడుతుంది.

కంపెనీలు "100 శాతం గ్రీన్ కరెంటే వాడతాం" అంటున్నాయి. ఇంకా సమస్య ఏముంది?

అన్నిటికంటే ఎక్కువగా అపార్థం చేసుకునేది ఈ సంగతినే. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

"100 శాతం" అన్నప్పుడు చాలాసార్లు అది ఏడాది మొత్తం లెక్క. ఏడాదిలో 876 కోట్ల యూనిట్లు వాడారు, అంతే కరెంటు పుట్టించే సోలార్, విండ్ ప్లాంట్లతో ఒప్పందం చేసుకున్నారు, లెక్క చెల్లు. వానాకాలంలో చెరువు అలుగు పారుతుంటే అందులో వంద బిందెలు పోసి, ఎండాకాలంలో అదే చెరువు నుంచి వంద బిందెలు తోడుకుని, తీసుకున్నది ఇచ్చేశాం అన్నట్టు ఉంటుంది అది. బిందెల లెక్క సరిపోతుంది. కానీ ఎండాకాలంలో చెరువు మట్టం తగ్గుతుంది.

గ్రిడ్‌లో ఇది రోజూ జరుగుతుంది. మధ్యాహ్నం పన్నెండు గంటలకి రాయలసీమ సోలార్ దండిగా వస్తుంది, ఒక్కోసారి వాడుకునే లోడు చాలక ప్లాంటుని తగ్గించమని చెప్పాల్సి వస్తుంది. సాయంత్రం ఆరున్నరకి సోలార్ సున్నా. అదే సమయానికి ఇళ్ళల్లో లైట్లు, ఏసీలు, వంటింట్లో మిక్సీలు. పీక్ లోడు ఎక్కే ఆ రెండు మూడు గంటలు షిఫ్టులో ఉన్నవాడికి కళ్ళన్నీ మీటర్ల మీదే. ఆ గంటల్లో గ్రిడ్‌ని మోసేది బొగ్గు. దేశంలో పుట్టే కరెంటులో 70 శాతానికి పైగా ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతరం, అంటే బొగ్గు, గ్యాస్ లాంటివి కానిది, అయిందని 2025లో మనం గర్వంగా చెప్పుకున్నాం, అది నిజమే, గర్వపడాల్సిందే. కానీ సామర్థ్యం వేరు, రాత్రి ఎనిమిది గంటలకి పుట్టే కరెంటు వేరు.

ఏడాది లెక్కలో గ్రీన్ అయిన డేటా సెంటర్ చీకటి పడ్డాక సింహాద్రి బొగ్గు మీదే నడవొచ్చు. ఏ గ్రీన్ ఒప్పందమూ లేకుండా ఒక గిగావాట్ మొత్తాన్ని దేశ సగటు కరెంటుతో నడిపితే, యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ చొప్పున ఏడాదికి 60 లక్షల టన్నులు దాటుతుంది.

గూగుల్ విషయంలో ఒకటి చెప్పుకోవాలి. ఏడాది లెక్క చాలదని ఒప్పుకున్న కంపెనీల్లో అది ముందుంది. 2017 నుంచి ఏడాది లెక్కలో 100 శాతం సాధిస్తూనే, 2030కల్లా ప్రతి గంటా, ప్రతి గ్రిడ్‌లోనూ కార్బన్ లేని కరెంటే వాడాలని 2020లో లక్ష్యం పెట్టుకుంది. 2024లో అది చేరిన ప్రపంచ సగటు 66 శాతం. ఆ లక్ష్యం కంపెనీ తనకు తాను పెట్టుకున్నది. దాన్నే విశాఖ మీటరుకి వర్తించే షరతుగా కాగితం మీద రాయించుకోవడం మన పని.

సోలార్‌కి తోడు పంప్డ్ స్టోరేజ్, బ్యాటరీలు పెడితే తీరిపోదా?

తీరుతుంది. పంప్డ్ స్టోరేజ్ అంటే కరెంటు మిగిలినప్పుడు నీళ్ళు పైకి తోడి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం. అందుకు మన ప్రాంతం అనువైనది కూడా. కాకపోతే ఎంత కావాలో అంకెల్లో చూసి మాట్లాడుకోవాలి.

కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గరి సోలార్ పార్కు 1,000 మెగావాట్లు, దానికి పట్టిన భూమి 5,900 ఎకరాల పైచిలుకు. సోలార్ ప్లాంటు రోజంతటి సగటు మీద పావు వంతే ఇస్తుంది కాబట్టి, ఒక గిగావాట్ డేటా సెంటర్‌కి ఏడాది మొత్తం లెక్క తూగాలన్నా అలాంటి పార్కులు నాలుగు కావాలి. దాదాపు 24,000 ఎకరాలు.

తర్వాత రాత్రి సంగతి. సోలార్ లేని 16 గంటలకి 16 గిగావాట్ అవర్లు నిలవ చేయాలి. పాణ్యం దగ్గర పిన్నాపురంలో గ్రీన్‌కో చేపట్టిన పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు 1,680 మెగావాట్లు, ఒకసారి నింపితే 10 గిగావాట్ అవర్ల చిల్లర ఇస్తుంది. అంటే ఒక్క డేటా సెంటర్‌కి పిన్నాపురాలు ఒకటిన్నర. పైకి తోడిన నీళ్ళు కిందికి వదిలినప్పుడు పెట్టిన కరెంటులో ఇరవై, పాతిక శాతం పోతుంది, కాబట్టి సోలార్ ఇంకాస్త ఎక్కువే పెట్టుకోవాలి.

గాలి కలిస్తే ఈ భారం తగ్గుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అనంతపురం, కర్నూలు గుట్టల మీద గాలి బాగా వీస్తుంది, సాయంత్రాలు, రాత్రుళ్ళు కూడా. సోలార్, విండ్, స్టోరేజ్ మూడూ కలిపి పెడితే 24 గంటల కరెంటు సాధ్యమే. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానంలో 78.5 గిగావాట్ల సోలార్, 35 గిగావాట్ల విండ్, 22 గిగావాట్ల పంప్డ్ స్టోరేజ్ లక్ష్యాలుగా ఉన్నాయి. నా ఆందోళన వరస గురించి. డేటా సెంటర్ ముందు వచ్చి, స్టోరేజ్ ఐదేళ్ళ తర్వాత వస్తే, మధ్యలో ఆ ఐదేళ్ళూ బొగ్గే మోస్తుంది. ఒకసారి బొగ్గు యూనిట్‌కి పాతికేళ్ళ కొనుగోలు ఒప్పందం రాసుకున్నాక దాన్ని వదిలించుకోవడం ఎంత కష్టమో డిస్కంలో, అంటే కరెంటు పంపిణీ సంస్థలో, పనిచేసిన ఎవరినైనా అడగండి.

మన చట్టాలు ప్రస్తుతం ఏం చెబుతున్నాయి?

డేటా సెంటర్ల కరెంటు వాడకం మీద ప్రత్యేకంగా కేంద్ర చట్టం ఏదీ లేదు. ఉన్న చట్టాలే అక్కడక్కడా తగులుతాయి.

ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. ఎక్కువ కరెంటు వాడే పరిశ్రమల జాబితాలో సిమెంటు, ఉక్కు, ఎరువులు, అల్యూమినియం లాంటివి పేరుపేరునా ఉన్నాయి. డేటా సెంటర్‌కి విడిగా పేరు లేదు. 2022లో ఆ చట్టాన్ని సవరించి, పెద్ద వినియోగదారులు కొంత శాతం శిలాజేతర ఇంధనం వాడి తీరాలని చెప్పే అధికారం కేంద్రానికి ఇచ్చారు. దాని కింద 2023లో పునరుత్పాదక వినియోగ బాధ్యత, అంటే వాడే కరెంటులో ఇంత వాటా సోలార్, విండ్ లాంటిది ఉండాలన్న నియమం, నోటిఫై చేశారు: 2024-25కి 29.91 శాతం, 2029-30కి 43.33 శాతం. ఇది డిస్కంలకీ, ఓపెన్ యాక్సెస్‌లో, అంటే డిస్కం నుంచి కాకుండా బయట నేరుగా, కరెంటు కొనుక్కునేవాళ్ళకీ, సొంత ప్లాంటు ఉన్నవాళ్ళకీ వర్తిస్తుంది.

మామూలుగా డిస్కం నుంచే కరెంటు తీసుకునే డేటా సెంటర్‌కి ఈ బాధ్యత నేరుగా ఉండదు, డిస్కం నెత్తిన ఉంటుంది. అంటే లోడు పెంచింది ఒకరు, దానికి తగ్గ గ్రీన్ కరెంటు వెతుక్కోవాల్సింది మరొకరు. ఈ బాధ్యతని కూడా ఏడాది లెక్కలోనే చూస్తారు, గంట లెక్కలో కాదు.

2022 నాటి గ్రీన్ ఓపెన్ యాక్సెస్ నిబంధనలు మంచివి. 100 కిలోవాట్లు దాటిన ఎవరైనా నేరుగా సోలార్, విండ్ కరెంటు కొనుక్కోవచ్చు. దారి వేసి పెట్టారు. ఆ దారినే వెళ్ళి తీరాలన్న నియమం మాత్రం ఇంకా రాలేదు.

వేరే దేశాలు ఏం చేశాయి?

దేశాన్ని బట్టి దారి మారింది. యూరోపియన్ యూనియన్‌లో 500 కిలోవాట్లు దాటిన ప్రతి డేటా సెంటర్ కరెంటు, నీళ్ళు, పునరుత్పాదక వాటా, వాడుకున్న వేడి లెక్కలు ఏటా ఇవ్వాలి. మొదటి విడత గడువు 2024 సెప్టెంబరు 15. అక్కడి ఏఐ చట్టం ఇంకో అడుగు వేసి, పెద్ద మోడల్ తయారు చేసేవాళ్ళు దానికి పట్టిన ఇంధనం ఎంతో రాసి పెట్టుకుని అడిగినప్పుడు ఏఐ ఆఫీసుకి చూపాలంది. 2025 ఆగస్టు 2 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ లెక్క జనానికి చూపనక్కర్లేదు, అదొక్కటే లోటు.

జర్మనీ 2023లో చేసిన చట్టంలో శాతాలు, తేదీలు ఉన్నాయి. 2024 నుంచి సగం, 2027 నుంచి మొత్తం కరెంటు పునరుత్పాదకం అయి ఉండాలి. 2026 జూలై తర్వాత మొదలయ్యే కేంద్రాలు కూలింగ్ దుబారా తగ్గించి పీయూఈ (మొత్తం కరెంటుకీ సర్వర్లకి చేరిన కరెంటుకీ నిష్పత్తి, వివరం కింద ఉంది) 1.2కి రావాలి, వృథాగా పోయే వేడిలో కొంత ఊళ్ళకి ఇవ్వాలి. మన ఉక్కపోతలో ఆ వేడి ఎవరికీ అక్కర్లేదు, ఆ ఒక్క ముక్క మనకి పనికిరాదు.

మనం ఎక్కువగా చూడాల్సింది ఐర్లండ్‌ని. అక్కడ డబ్లిన్ చుట్టూ గ్రిడ్ నిండిపోయాక మేలుకున్నారు. 2021 నుంచి కొత్త కనెక్షన్లు దాదాపు ఆపేసి, 2025 డిసెంబరులో కొత్త నియమం తెచ్చారు. కొత్త డేటా సెంటర్ తన లోడుకి సరిపడా జనరేషన్‌నో స్టోరేజ్‌నో తన ప్రాంగణంలోనో దగ్గర్లోనో పెట్టుకోవాలి, వాడే కరెంటులో కనీసం 80 శాతానికి సరిపడా కొత్త పునరుత్పాదక ప్లాంట్లు ఆ దేశంలోనే రావాలి. ఇక్కడ "కొత్త" అన్న మాట ముఖ్యం. ఉన్న సోలార్ ప్లాంటు కరెంటుని ఒకరి ఖాతాలోంచి ఇంకొకరి ఖాతాలోకి రాసుకుంటే గ్రిడ్‌కి ఒరిగేదేమీ లేదు.

చైనా తన జాతీయ హబ్‌లలో కొత్తగా వచ్చే డేటా సెంటర్లకి 2025 చివరికల్లా 80 శాతం గ్రీన్ కరెంటు లక్ష్యం పెట్టింది. అమెరికాలోని టెక్సస్‌లో 2025 జూన్‌లో చేసిన చట్టం ప్రకారం 75 మెగావాట్లు దాటిన కొత్త లోడు, గ్రిడ్ అత్యవసర పరిస్థితిలో ఉంటే తగ్గడానికి సిద్ధంగా ఉండాలి. మన భాషలో చెప్పాలంటే లోడ్ రిలీఫ్‌లో, అంటే అత్యవసర కోతలో, ఇళ్ళ ఫీడర్ల కంటే ముందు డేటా సెంటర్ వరస రావాలి.

నా కరెంటు బిల్లు పెరుగుతుందా?

రాసుకునే ఒప్పందాన్ని బట్టి పెరగొచ్చు, తగ్గొచ్చు కూడా.

తగ్గే దారి ఇది. డిస్కం ఖర్చుల్లో చాలా భాగం స్థిరమైనవి: లైన్లు, సబ్‌స్టేషన్లు, ప్లాంట్లకి వాడినా వాడకపోయినా కట్టే ఫిక్స్‌డ్ ఛార్జీలు. పెద్ద వినియోగదారుడు వచ్చి పూర్తి హెచ్‌టీ (హై టెన్షన్) టారిఫ్ కడితే ఆ ఖర్చు ఎక్కువ యూనిట్ల మీద పరుచుకుంటుంది. మనకీ కొంత ఊరట.

పెరిగే దార్లు మూడు కనిపిస్తున్నాయి. డేటా సెంటర్ కోసం 400 కేవీ సబ్‌స్టేషన్లు, లైన్లు వేసి ఆ ఖర్చుని ట్రాన్స్‌మిషన్ ఛార్జీల్లో అందరికీ పంచితే, ఒకటి. కంపెనీ 1,000 మెగావాట్లు కావాలని చెప్పి, దానికోసం అన్నీ కట్టాక 400 దగ్గరే ఆగిపోతే, రెండు. పీక్ గంటల్లో దాని లోడు వల్ల కరెంటు ఎక్స్ఛేంజీలో యూనిట్ పది రూపాయలకి కొనాల్సి వచ్చి, ఆ తేడా ట్రూ-అప్ పేరుతో ఏడాది తర్వాత మన బిల్లులో దిగితే, మూడు. ట్రూ-అప్ ఛార్జీ అనగానే మన ఇళ్ళల్లో ఎంత టెన్షన్ పడతారో కొత్తగా చెప్పాలా? మూడో దారి గురించే నాకు ఎక్కువ భయం, ఎందుకంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో బిల్లు చూసి పోల్చుకోలేం.

రెండో దానికి అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఒక మందు కనిపెట్టింది. 2025 జూలైలో అక్కడి నియంత్రణ కమిషన్ ఒప్పుకున్న టారిఫ్ ప్రకారం పెద్ద కొత్త డేటా సెంటర్, అడిగిన సామర్థ్యంలో కనీసం 85 శాతానికి 12 ఏళ్ళ దాకా డబ్బు కట్టాలి, వాడినా వాడకపోయినా. నిజంగా కావాల్సినవాడే అడుగుతాడు.

ప్రభుత్వం కరెంటు రాయితీ ఇవ్వాలనుకుంటే? 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఆ సొమ్ము బడ్జెట్‌లోంచి డిస్కంకి ముందే జమ చేయాలి. అప్పుడు అది ఎంతో అసెంబ్లీలో కనిపిస్తుంది. వీలింగ్ ఛార్జీలు (డిస్కం లైన్లు వాడినందుకు కట్టేవి), క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ (పెద్ద వినియోగదారుడు బయట కరెంటు కొన్నప్పుడు డిస్కంకి కట్టేది) మాఫీ రూపంలో ఇస్తే అది డిస్కం లోటుగా మారి చివరికి మన దగ్గరికే వస్తుంది. రాయితీ ఎంత అన్నదానితో పాటు ఏ రూపంలో ఇచ్చారో కూడా అడగాలి.

పీయూఈ అంటే ఏమిటి? విశాఖ ఉక్కపోతలో కూలింగ్ ఎలా?

డేటా సెంటర్ మొత్తం వాడిన కరెంటుని సర్వర్లకి చేరిన కరెంటుతో భాగిస్తే వచ్చేది పీయూఈ. 1.5 అంటే సర్వర్లకి వంద యూనిట్లు అందడానికి, కూలింగ్ వగైరాకి మరో యాభై ఖర్చయినట్టు. గూగుల్ ప్రపంచ సగటు 1.09. చలి దేశాల్లో బయటి గాలి లోపలికి వదిలితే సగం పని అయిపోతుంది. మే నెల విశాఖలో ఆ వీలు లేదు.

మనకి పోలిక సింగపూర్. అదే ఉక్క, అదే ఉప్పుగాలి. 2019లో కొత్త డేటా సెంటర్లని ఆపేసి, 2022లో మళ్ళీ తలుపు తెరిచినప్పుడు పీయూఈ 1.3 దాటకూడదని షరతు పెట్టింది. 2023లో ఉష్ణమండల డేటా సెంటర్ల కోసం ఒక ప్రమాణం తెచ్చి, సర్వర్ గదుల్ని 26 డిగ్రీలు, ఆపైన ఉంచినా నడపొచ్చని చూపింది. గదిని చలికాలంలా ఉంచాలన్న పాత అలవాటు మానితే చాలా కరెంటు మిగులుతుంది.

నీళ్ళ సంగతి దీనితో ముడిపడి ఉంది. నీళ్ళు ఆవిరి చేసి చల్లబరిస్తే కరెంటు తక్కువ, నీళ్ళు ఎక్కువ. నీళ్ళు లేకుండా చల్లబరిస్తే కరెంటు ఎక్కువ. ఏలేరు కాలువ, రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ మీద బతుకుతున్న విశాఖకి వేసవిలో తాగునీరే కష్టం. డేటా సెంటర్‌కి శుద్ధి చేసిన మురుగునీరో, సముద్రపు నీరో తప్ప ఈ రిజర్వాయర్ల నీళ్ళు ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. కరెంటు లెక్క, నీళ్ళ లెక్క పక్కపక్కన ప్రకటించకపోతే ఒకటి తగ్గించి చూపడానికి రెండోది పెంచేస్తారు.

ఇన్ని షరతులు పెడితే కంపెనీలు పక్క రాష్ట్రానికి పోవా?

కొన్ని పోవచ్చు. సింగపూర్ ఆపినప్పుడు చాలా ప్రాజెక్టులు పక్కనే ఉన్న మలేషియాలోని జొహోర్‌కి వెళ్ళాయి. ఆ భయం ఉత్తది కాదు.

అందుకే ఇది ఒక్క రాష్ట్రం చేయాల్సిన పని కాదు. మహారాష్ట్ర, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, తెలంగాణ, ఆంధ్ర అన్నీ ఒకే కంపెనీలని పిలుస్తూ ఒకరిని మించి ఒకరు రాయితీలు ఇస్తుంటే గెలిచిన రాష్ట్రం కూడా నష్టపోతుంది. కనీస నియమం ఢిల్లీ నుంచి రావాలి. 2022 సవరణ ఆ అధికారం ఇచ్చేసింది, కొత్త చట్టం కోసం పార్లమెంటు దాకా వెళ్ళక్కర్లేదు.

అలాగని మన చేతిలో ఏమీ లేదనీ కాదు. విశాఖకి సముద్రపు కేబుళ్ళు దిగే తీరం ఉంది, వెనకాల సీమలో ఎండ, గాలి, గుట్టలు ఉన్నాయి. ప్రతి గంటా క్లీన్ కరెంటు కావాలనుకునే కంపెనీకి ఇవన్నీ ఒకే రాష్ట్రంలో దొరికే చోట్లు ఎక్కువ లేవు.

ఏఐ వల్ల గ్రిడ్‌కి మేలు కూడా ఉందంటున్నారు?

ఉంది. 2016లో గూగుల్‌కే చెందిన డీప్‌మైండ్ తన ఏఐతో గూగుల్ డేటా సెంటర్ల కూలింగ్‌కి పట్టే కరెంటుని 40 శాతం దాకా తగ్గించింది. రేపు గాలి ఎంత వీస్తుందో, మబ్బు ఎప్పుడు పడుతుందో ముందే చెప్పడంలో ఇది బాగా పనికొస్తుంది.

ఇంకో మేలు లోడుని కదపగలగడం. చాట్ జవాబు వెంటనే కావాలి, నిజమే. మోడల్ ట్రెయినింగ్ మాత్రం సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఆపి మర్నాడు మధ్యాహ్నం సోలార్ ఎక్కువగా ఉన్నప్పుడు నడపొచ్చు. 2025 ఆగస్టులో గూగుల్ అమెరికాలో రెండు విద్యుత్ సంస్థలతో సరిగ్గా ఇలాంటి ఒప్పందమే చేసుకుంది. అక్కడ చేసింది ఇక్కడ చేయకపోవడానికి కారణం కనిపించదు. మన రైతు ఏళ్ళుగా కరెంటు ఇచ్చిన గంటల్లోనే మోటారు వేస్తున్నాడు.

నియమం మీరే రాయాలంటే ఏం రాస్తారు?

కనెక్షన్ ఇచ్చేముందు కంపెనీతో రాసుకునే కాగితంలోనే ఇవి ఉండాలంటాను. కొత్తగా వచ్చే సోలార్, విండ్, స్టోరేజ్ మాత్రమే లెక్కలోకి రావాలి, అవి రాష్ట్రంలోనో దక్షిణ గ్రిడ్‌లోనో ఉండాలి. లెక్క గంట వారీగా చూడాలి. మొదట్లోనే 100 శాతం అడగను. మొదటి ఏడాది 60, తర్వాత ఏటా పెరుగుతూ 2035కి 90 దాటాలి. స్టోరేజ్ ఎంత సిద్ధమైతే లోడు అంతే విడుదల చేయాలి, రెండూ జంటగా నడవాలి. లైన్ల ఖర్చు వాళ్ళదే, కనీస బిల్లు ఒహాయో పద్ధతిలో. పీక్‌లో లోడు తగ్గించే బాధ్యత. బ్యాకప్‌కి డీజిల్ జనరేటర్ల వరసలకి బదులు వీలైనంత బ్యాటరీలు.

కరెంటు, నీళ్ళు, పీయూఈ లెక్కలు మూడు నెలలకోసారి తెలుగులో, అందరికీ కనిపించేలా పెట్టాలి. వ్యాపార రహస్యం అంటారేమో. సిమెంటు ఫ్యాక్టరీ తన కరెంటు లెక్క ప్రభుత్వానికి ఇస్తూనే వ్యాపారం చేసుకుంటోంది.

దీంట్లో మామూలు మనిషి మాట్లాడే చోటు ఉందా?

ఉంది, చాలామందికి తెలియదు. డిస్కంలు వచ్చే ఏడాదికి ఎంత కరెంటు కొంటాయో, ఎంత ఖర్చవుతుందో చెప్పే వార్షిక ఆదాయ అవసరాల నివేదికని ఏటా నవంబరు చివరికి విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి. ఆంధ్రప్రదేశ్ మండలి కర్నూలులో, తెలంగాణ మండలి హైదరాబాద్‌లో ఉన్నాయి. నివేదిక మండలి వెబ్‌సైట్‌లో పెడతారు. దాని మీద ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు, బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు. లాయరు అక్కర్లేదు, తెలుగులోనే రాయొచ్చు, డిస్కం దానికి జవాబు ఇచ్చి తీరాలి. కొత్త టారిఫ్ ఏప్రిల్ 1 నుంచి మొదలవుతుంది కాబట్టి విచారణలు అంతకుముందే అయిపోతాయి.

ఆ నివేదికలో చూడాల్సిన పేజీలు రెండు: హెచ్‌టీ వినియోగదారుల అమ్మకాల అంచనా, కొత్తగా చేసుకునే కొనుగోలు ఒప్పందాల పట్టిక. డేటా సెంటర్ లోడు మొదటి దాంట్లో పెరిగి, రెండో దాంట్లో దానికి ఎదురుగా బొగ్గు ఒప్పందం కనిపిస్తే, ఆ రెండు పేజీల నంబర్లు వేసి "ఈ లోడుకి గంట వారీగా కరెంటు ఎక్కడి నుంచి ఇస్తారు?" అని ఒక్క ప్రశ్న రాసి పంపండి.